సంక్రాంతి విందు: ముందుగా చేసికొనవలసిన ఏర్పాట్లు

సంక్రాంతి తెలుగువారికి పెద్ద పండుగ. పంట యింటికి చేరిన కాలము. దూరప్రాంతములందు ఉద్యోగములు చేయు కుమారులు, అత్తవారిండ్లనుండి వచ్చు కుమార్తెలు, క్రొత్త అల్లుళ్లు, మనుమలు, మనుమరాండ్రు భోగి, సంక్రాంతి, కనుమ అను మూడు దినములు ఒక్క యింట చేరుదురు. నిన్నటివరకు నలుగురికి అన్నము వండిన వంటయింటిలో నేడు ఇరువదిమందికి వండవలసి వచ్చును. పొయ్యిలు మాత్రము అవే రెండు, గిన్నెలును అవే, వండు చేతులును తరచుగా ఆ రెండే.

ముందుచూపు లేని యింట పండుగనాడు జరుగునది తెలిసినదే. గృహిణి తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచును. ఒక పని యైనను తీరునని ఎనిమిది గంటలకే అన్నము వార్చి పులిహోర కలుపును. పూజ ఆలస్యమగును. వడ్డన రెండు గంటలకు గాని మొదలు కాదు. ఉదయము మధుమేహమునకు మాత్ర వేసికొన్న తాతగారికి ఒళ్లు వణకి చెమటలు పట్టును. అందరును తిన్నపిమ్మట, నాలుగు గంటలకు, గృహిణి చల్లారిన కూరతో ఒక్కతెయే భోజనము చేయును. రాత్రికి ఇద్దరు పిల్లలకు వాంతులు. దీనికంతకు కారణము ఎవరి అశ్రద్ధయు కాదు. నాలుగైదు దినములకు పంచవలసిన పనిని ఒక్క పూటకు కుదించుటయే.

విందును ముందుగా ఆలోచించి ఏర్పరచుకొన్నచో శ్రమ తగ్గుటయే గాక, తినువారి ఆరోగ్యమును, వండువారి ఆరోగ్యమును కాపాడబడును. అందుకు వలసిన పద్ధతి క్రింద వివరింపబడినది.

లెక్క వ్రాసికొనుట

పండుగకు పది దినముల ముందు ఒక కాగితముపై వచ్చువారి సంఖ్య వ్రాసికొనవలెను. పెద్దలెందరు, పిల్లలెందరు, పండ్లు లేని వృద్ధులెవరు, మధుమేహము గాని రక్తపుపోటు గాని గలవారెవరు అను వివరములు ముందుగానే అడిగి తెలిసికొనుట మంచిది. పండుగనాడు పీటమీద కూర్చుండినపిమ్మట “నాకు ఉప్పు పనికిరాదు” అని చెప్పుటకు అతిథి మొగమాటపడును.

ఇరువదిమంది పెద్దలకు పులిహోరతో కలిపి సుమారు రెండు నుండి రెండున్నర కిలోల బియ్యము, ముప్పాతిక కిలో కందిపప్పు, మూడు కిలోల కూరగాయలు, రెండు లీటర్ల పెరుగు సాధారణముగా చాలును. పిండివంటలు ఎక్కువైనకొలది అన్నము తగ్గును. “చాలకపోవునేమో” అను భయముతో రెట్టింపు వండుటవలన ధనము వ్యర్థమగును. మిగిలినదానిని మరునాడు తినుటవలన అనారోగ్యము కలుగును. పది రకములు వండి ఏదియు వేడిగా వడ్డింపలేకపోవుటకంటె, ఆరు రకములు వండి అన్నిటిని వేడిగా వడ్డించుట మేలు.

మూడు తరగతుల వంటకములు

విందులోని వంటకములను మూడు తరగతులుగా విభజించుకొనవలెను.

మొదటి తరగతి: చాలదినములు నిలువ ఉండునవి. అరిసెలు, సకినాలు, జంతికలు, నువ్వుల ఉండలు ఈ తరగతిలోనివి. వీనిలో తేమ తక్కువ. వీనిని పండుగకు నాలుగైదు దినముల ముందే చేసికొనవచ్చును. అరిసెలకు తడిబియ్యము దంచిన పిండిని మాత్రము నిలువ ఉంచరాదు. అది త్వరగా పులియును గనుక ఆ దినముననే పాకమున కలుపవలెను. వేయించిన పిండివంటలు పూర్తిగా చల్లారిన తరువాతనే డబ్బాలలో పెట్టి మూతవేయవలెను. వేడిమీద మూతవేసినచో ఆవిరి నీరై బూజు పట్టును. ఒకే నూనెను మరల మరల కాచి వాడరాదు. నల్లబడి, నురుగు కట్టి, జిడ్డుగా మారిన నూనె హానికరము. భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018 జూలైనుండి వేపుడు నూనెలు చెడిపోవుటకు ఒక హద్దు నిర్ణయించి, దానిని దాటిన నూనెను వాడరాదని నిషేధించినది. ఇంటిలో అట్టి పరీక్షలు సాధ్యము కావు గనుక రంగును, వాసనను బట్టి పారవేయుటయే ఉపాయము.

రెండవ తరగతి: సగము పని ముందుగా చేసికొనదగినవి. పులిహోరకు చింతపండు పులుసును నూనె పైకి తేలువరకు ఉడికించి, పొడి జాడీలో పెట్టినచో కొన్ని దినములు నిలుచును. పండుగనాడు అన్నములో కలుపుటయే మిగులును. సాంబారు పొడి, కూరపొడి వారము ముందే కొట్టుకొనవచ్చును. గుమ్మడికాయ, చిక్కుడుకాయలు వంటివి ముందునాటి రాత్రి కడిగి తరిగి, మూతపెట్టి రిఫ్రిజిరేటరులో ఉంచవచ్చును. వంకాయ మాత్రము నల్లబడును గనుక ఉదయముననే తరుగవలెను. గారెలకు మినపపప్పు రాత్రి నానబెట్టుట, పెరుగు తోడుపెట్టుట, బొబ్బట్ల పూర్ణము ఉడికించుట ముందునాటి పనులు. రిఫ్రిజిరేటరు లేని యింట పూర్ణమును ఆ ఉదయముననే చేయవలెను.

మూడవ తరగతి: అప్పటికప్పుడు చేయవలసినవి. అన్నము, పరమాన్నము, కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చడి, కనుమనాడు వండు మాంసము ఇందులోనివి. వీనిని త్వరగా ముగించి పెట్టుటలో లాభము లేదు, ప్రమాదము కలదు.

రెండు గంటల నియమము

ఈ ప్రమాద మేమో తెలిసికొనుట అవసరము. బియ్యమునందు సహజముగా ఒక జాతి సూక్ష్మజీవుల బీజములుండును. అన్నము ఉడికినను అవి చావవు. అన్నము గోరువెచ్చగా గంటల తరబడి ఉన్నప్పుడు ఆ బీజములు మొలకెత్తి, వృద్ధిచెంది, విషమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను నశింపదు. వండువారి చేతిపై గల పుండ్లనుండి, ముక్కునుండి ఆహారములోనికి చేరు మరియొక జాతి సూక్ష్మజీవుల విషమును అట్టిదే. కావున “సాయంత్రము మరియొకసారి వేడిచేసిన సరిపోవును” అను నమ్మకము అన్ని వేళల నిజము కాదు. పదార్థము రుచి, వాసన మారకపోయినను అందు విషముండవచ్చును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో సురక్షిత ఆహారమునకు ఐదు సూత్రములు ప్రకటించినది: పరిశుభ్రత పాటించుట, పచ్చి పదార్థములను, వండినవానిని వేరుగా ఉంచుట, బాగుగా ఉడికించుట, తగిన ఉష్ణోగ్రతలో ఉంచుట, శుభ్రమైన నీటిని, సరకులను వాడుట. నాల్గవ సూత్రము విందులకు మిక్కిలి ముఖ్యము. 5 డిగ్రీల సెంటీగ్రేడుకు, 60 డిగ్రీలకు నడుమ సూక్ష్మజీవులు వేగముగా పెరుగును. వండిన పదార్థమును గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉంచరాదు. సంక్రాంతి చలికాలములో వచ్చుచున్నను, ఇరువదిమంది తిరుగు ఇంటిలో మధ్యాహ్నపు వేడిమి సూక్ష్మజీవులకు చాలును.

పప్పు, పులుసు వంటివి ముందుగా వండవలసి వచ్చినచో సన్నని సెగపై వేడిగానే ఉంచవలెను. లేదా వడ్డనకు ముందు బాగుగా తెర్లునట్లు కాచవలెను. మాంసము కోసిన కత్తిని, పీటను సబ్బుతో కడుగక కూరగాయలకు వాడరాదు. త్రాగునీటి బిందెకు మూతయు, పిడిగల గరిటెయు ఉండవలెను. ఇరువదిమంది చేతులు బిందెలో ముంచరాదు.

గడియారమును వెనుకకు లెక్కించుట

వంట ఎప్పుడు మొదలుపెట్టవలెనని గాక, వడ్డన ఎప్పుడు జరుగవలెనని మొదట నిర్ణయించుకొనవలెను. పన్నెండున్నరకు వడ్డన యనుకొందము. పన్నెండింటికి నైవేద్యము. కావున అన్నము పదకొండున్నరకు దిగవలెను. గారెలు పన్నెండు తరువాత, విస్తళ్లు వేయుచుండగా వేయింపవలెను. పప్పు, పులుసు పదకొండింటికి సిద్ధము కావలెను. బొబ్బట్లు పదింటికి ముందే ముగియవచ్చును. ఏ పొయ్యిపై ఏ గంటకు ఏ గిన్నె ఉండునో వ్రాసి గోడకు అంటించినచో, సహాయమునకు వచ్చినవారు “ఇప్పుడేమి చేయవలె” నని మాటిమాటికి అడుగనక్కరలేదు.

పూజ ఆలస్యమగునని తోచినప్పుడు పిల్లలకు, వృద్ధులకు ముందుగా కొంత ఆహారము పెట్టుట ఏ ఆచారమునకును విరుద్ధము కాదు. మధుమేహమునకు ఇన్సులిను గాని, కొన్ని రకముల మాత్రలు గాని తీసికొనువారు వేళకు తినకున్నచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా తగ్గవచ్చును. వణకు, చెమట, తికమక దాని గుర్తులు. స్పృహలో ఉన్నచో వెంటనే చక్కెర నీరు గాని పండ్లరసము గాని ఇచ్చి, తరువాత భోజనము పెట్టవలెను. స్పృహ తప్పినవారి నోటిలో ఏమియు పోయరాదు, వైద్యసహాయము కోరవలెను.

పని పంచుకొనుట

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత కలదు. అట్టి శరీరముతో తెల్లవారుజామునుండి పొయ్యి ఎదుట నిలిచి, అందరికంటె చివర తినుట పండుగ కాదు, శిక్ష. కొబ్బరి కోరుట, కూరలు తరుగుట, నీరు పట్టుట, విస్తళ్లు వేయుట, వడ్డన చేయుట, పాత్రలు కడుగుట పురుషులును, పెద్దపిల్లలును చేయదగిన పనులు. ఎవరికే పని యో ముందునాటి రాత్రియే పేరుపేరున చెప్పవలెను. “ఎవరైనను చూచుకొందురు” అన్న పని చివరకు గృహిణిపైననే పడును.

గ్యాసు సిలిండరు ఎంత మిగిలినదో రెండు దినముల ముందే చూచుకొనవలెను. వంట చేయునప్పుడు నూలు బట్టలు ధరించి, కొంగు బిగించుకొనవలెను. కాగిన నూనె మూకుడు దగ్గరకు పిల్లలను రానీయరాదు. కాలినచో ఆ భాగమును వెంటనే చల్లని నీటి ధార క్రింద ఇరువది నిమిషములు ఉంచవలెను. మంచుగడ్డ, సిరా, వెన్న, పండ్లు తోముకొను పేస్టు ఏదియు పూయరాదు. గాయము పెద్దదైనచో శుభ్రమైన వస్త్రము కప్పి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో 108కి ఫోను చేయవలెను.

విందు ముగిసిన తరువాత

మిగిలిన పదార్థములను ఇరుగుపొరుగు వారికి, పనివారికి ఇవ్వదలచినచో వేడి తగ్గకముందే ఇయ్యవలెను. మరునాటి ఉదయము ఇచ్చుట దానము కాదు. దాచుకొనదలచిన పప్పు, కూరలను లోతులేని గిన్నెలలో పరచి త్వరగా చల్లార్చి, రెండు గంటలలోపున రిఫ్రిజిరేటరులో ఉంచవలెను. పలువురి చేతులు పడి, పూటంతయు బయట నున్న విందు అన్నమును చద్దికి ఉంచరాదు.

వాంతులు, విరేచనములు కలిగినచో మొదటి ఔషధము ఓ.ఆర్.ఎస్. ఒక పెద్ద పొట్లమును ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలిపి కొంచెము కొంచెముగా త్రాగించవలెను. చంటిబిడ్డకు తల్లిపాలు మానరాదు. విరేచనములో రక్తము, తీవ్రమైన జ్వరము, మూత్రము రాకపోవుట, బిడ్డ మత్తుగా పడియుండుట కనిపించినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఓ.ఆర్.ఎస్. పొట్లములు రెండు, పండుగ సరకుల పట్టికలోనే వ్రాసికొనుట మేలు.

విందు చక్కగా జరిగినదనుటకు గుర్తు వంటకముల సంఖ్య కాదు. వచ్చినవారందరు వేళకు భుజించి, ఆరోగ్యముతో తమ ఊళ్లకు మరలవలెను. వండిన యిల్లాలు కూడ పంక్తిలో వారితో కూర్చుండి, వేడి అన్నము తినగలుగవలెను. పది దినముల ముందు వ్రాసికొన్న ఒక్క కాగితము ఈ రెంటిని సాధింపగలదు. రాబోవు సంక్రాంతికి ప్రతి కుటుంబమును ఆ కాగితముతోనే పండుగ పనులు ప్రారంభించుగాక.