మంచు మీద మూడు రోజుల సంత: యోక్‌మోక్ వ్యాపారం తీరుతెన్నులు

స్వీడన్ దేశపు ఉత్తర భాగాన, ధ్రువ వలయం దాటీ దాటగానే, యోక్‌మోక్ అనే చిన్న ఊరు ఉన్నది. ఊరి జనాభా మూడు వేలకు లోపు. ఏటా ఫిబ్రవరి మొదటి గురువారం నాడు అక్కడ సంత ప్రారంభమై శనివారంతో ముగుస్తుంది. ఆ మూడు రోజులలో ఊరికి వచ్చే జనం పదుల వేలలో ఉంటారు. సున్నాకు 30 డిగ్రీలు దిగువన చలి ఉన్నా అక్కడి వారు వింతగా చెప్పుకోరు. 1605లో మొదలైన ఈ సంత నాలుగు శతాబ్దాలు దాటి నేటికీ నడుస్తున్నది. కోవిడ్ మూలంగా 2021లో బయట అంగళ్ళు లేకుండా గడిచిపోవడం ఇటీవలి చరిత్రలో ఒక లోటు.

వర్తకులకు ఇందులో ఆలోచించవలసిన విషయం ఒకటి ఉన్నది. యోక్‌మోక్‌లో ఏడాది పొడుగునా తెరచి ఉండే దుకాణాలు ఉన్నవి. మాంసం కొనే కంపెనీలు మందల వద్దకే లారీలు పంపుతాయి. పిండి, ఉప్పు, బట్ట కోసం సంత దాకా ఆగవలసిన అగత్యం ఎవరికీ లేదు. మామూలుగా అయితే ఇటువంటి సంత రెండు తరాల క్రితమే మూతపడాలి. మూతపడలేదు సరికదా, ఊరి వారి ఏడాది రాబడిలో ఈ మూడు రోజులది ముఖ్యమైన వాటా. కారణం తెలియాలంటే సంత పుట్టుక దగ్గరకు వెళ్ళవలసి ఉంటుంది.

ఆ ప్రాంతపు పూర్వీకులు సామీ ప్రజలు. రెయిన్‌డీర్ మందలు మేపడం, వేట, చేపలు పట్టడం వారి వృత్తులు. వేసవిలో మందలతో పడమటి కొండలకు పోతారు. చలికాలం తూర్పున అడవుల్లో గడుపుతారు. 16వ శతాబ్దం నాటికి వారితో వర్తకం బిర్కార్ల్ అనబడే సముద్రతీర వ్యాపారుల గుత్తాధిపత్యంలో ఉండేది. ఈ వ్యాపారులు సామీ కుటుంబాలను తమలో తాము పంచుకున్నారు. ఫలానా కుటుంబం ఫలానా షావుకారుది అని లెక్క. ముందుగా పిండి, బట్ట, ఇనుప సామాను అరువు ఇచ్చి, చలికాలంలో తోళ్ళు జమ కట్టుకునేవారు. ధర ఒక్కడే చెబుతాడు, తూకం ఒక్కడే వేస్తాడు. రాజుకు చెల్లవలసిన పన్ను కూడా చాలాకాలం వారి చేతుల మీదుగానే పోయేది. పెట్టుబడి పేరిట పంటను ముందే కట్టివేసుకొనే పద్ధతి మన మార్కెట్లకు కొత్తది కాదు కనుక దీనిని ఇంతకన్న వివరించనక్కరలేదు. విశాఖ మన్యంలో గిరిజనుల చింతపండు, అడవి సరుకు ఇదే విధంగా చిక్కుకొని ఉండగా, దానిని విడిపించడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడిన సంగతి పాఠకులకు తెలిసినదే.

1550ల ప్రాంతంలో రాజు గుస్తావ్ వాసా పన్ను వసూలును వ్యాపారుల నుంచి తప్పించి తన అధికారులకు అప్పగించాడు. ఆయన కుమారుడు తొమ్మిదవ చార్లెస్ మరొక అడుగు ముందుకు వేశాడు. ఉత్తర ప్రాంతంలో వర్తకం నిర్ణయించిన చోట, నిర్ణయించిన రోజుల్లో మాత్రమే జరగాలని 1602లో ఉత్తర్వు వెలువడింది. యోక్‌మోక్‌లో 1605లో సంత, 1607లో చర్చి వచ్చాయి. రాజుగారిది ఉదారబుద్ధి అనుకోనవసరం లేదు. యుద్ధాలకు డబ్బు కావాలి. ఉత్తరపు నేలపై డెన్మార్కుతో తగాదా ఉన్నది, అది 1611లో యుద్ధంగానే మారింది. చెదిరి ఉన్న జనాన్ని వెంటబడి వసూలు చేయడం కంటె, జనమే ఒకచోటికి వచ్చేటట్లు చేయడం తేలిక. సంత, పన్ను, న్యాయస్థానం, ప్రార్థన అన్నీ ఒకే వారంలో ఒకే చోట పెట్టారు.

చలికాలమే ఎందుకు? అక్కడ రవాణాకు వేసవి పనికిరాదు. నేలంతా చిత్తడి, అడుగడుగునా నదులు, చెరువులు. మంచు గడ్డకట్టిన తరువాత నదులే రోడ్లు అవుతాయి. రెయిన్‌డీర్ లాగే బల్లకట్టు బండి ఎంత బరువైనా జారుకుంటూ పోతుంది. పైగా ఆ రోజులలో సామీలు మందలతో అడవుల్లో, దగ్గరలోనే ఉంటారు. సామీ భాషలో ఆ ఊరికి ఉన్న పాత పేరు దాల్వదిస్. శీతకాలపు మకాం అని అర్థం. సంత స్థలం కాగితం మీద గీసి పెట్టినది కాదు, జనం అప్పటికే చేరుతున్న చోటును రాజు చూసి పట్టుకున్నాడు. కొత్త యార్డులు కట్టి జనం రాలేదని వాపోయే వారు దీనిని గమనించాలి.

ఆ నాటి సరుకులు చూస్తే, సామీలు తెచ్చేది ఉడుత, నక్క, మార్టెన్ తోళ్ళు, రెయిన్‌డీర్ చర్మాలు, ఎండుమాంసం, ఎండుచేప, చేతి తొడుగులు, పాదరక్షలు. తీసుకుపోయేది పిండి, ఉప్పు, ఉన్ని బట్ట, రాగి బిందెలు, గొడ్డళ్ళు, తరువాతి కాలంలో పొగాకు, సారా. సన్న తోళ్ళకు 'తిమ్మర్' అనే లెక్క ఉండేది. ఒక తిమ్మర్‌కు 40 తోళ్ళు. మిగులు సొమ్ము వెండి రూపంలో దాచుకునేవారు. చెంచాలు, కంఠాభరణాలు, నడికట్లు అన్నీ వెండివే. తిరిగే జనానికి బ్యాంకు అదే: మోయడానికి తేలిక, అవసరమైతే మారకం, పెళ్ళిలో గౌరవం. సారా మాత్రం ఈ వర్తకానికి మచ్చ. బేరానికి ముందు పోయించి తరువాత ధర తెగ్గొట్టడం వలన ఎన్ని కుటుంబాలు నష్టపోయాయో లెక్క లేదు; పాలకులు నిషేధాలు పెడుతూనే వచ్చారు, వర్తకులు తప్పించుకుంటూనే వచ్చారు.

1621లో లూలియో, పీటియో, టోర్నియో పట్టణాలు ఏర్పడగా, వర్తకం అక్కడి పట్టణ వ్యాపారుల చేతికి పోయింది. వారు యోక్‌మోక్‌లో గిడ్డంగులు కట్టుకొని ఏటా సరుకు తోలుకు వచ్చేవారు. 1864లో స్వీడన్‌లో వర్తక స్వేచ్ఛ చట్టమైంది. ఎవరైనా ఎక్కడైనా దుకాణం పెట్టవచ్చు. పల్లెల్లో శాశ్వత దుకాణాలు వచ్చాయి. 20వ శతాబ్దంలో జలవిద్యుత్తు పనుల కోసం నదీలోయ నిండా కూలీలు, ఇంజనీర్లు దిగారు. ఆ లోయలోని పోర్యుస్ కేంద్రం 1915లో మొదలైంది. 1937లో లోతట్టు రైలు మార్గం పూర్తయి యోక్‌మోక్ మీదుగా పోయింది. నిత్యావసర సరుకుకు సంతతో పని అక్కడితో తీరింది.

అయితే దుకాణం వల్ల తీరనివి రెండు మిగిలాయి. చేతితో పట్టి చూస్తే గాని నాణ్యత తెలియని సరుకు ఒకటి. ఏడాదికి ఒకసారి అయినా కలవవలసిన మనుషులు రెండవది.

ముందు సరుకు సంగతి. రెయిన్‌డీర్ చర్మం పైకి అంతా ఒకలాగే కనిపిస్తుంది, ధరలో మాత్రం ఎంతో తేడా. దాని వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది. అందువలన వెచ్చదనం ఎక్కువ, అదే కారణంగా విరిగి రాలడం కూడా ఎక్కువ. నడి చలికాలంలో తీసిన చర్మం దట్టంగా, అందంగా ఉంటుంది, పరుపుగా వేస్తే రాలుతుంది. కోటు కుట్టడానికి వేసవి చివర తీసిన దూడ చర్మం మేలు రకం. కాళ్ళ మీది చర్మం గట్టిది కనుక చెప్పులకు విడిగా అమ్ముతారు. ఇంకొక లోపం ఉన్నది. ఒక జాతి ఈగ వేసవిలో జంతువు ఒంటి మీద గుడ్లు పెడుతుంది. పురుగు చర్మం కిందికి చేరి, శీతకాలమంతా వీపు భాగాన గాలి కోసం చిల్లులు చేసి ఉండి, ఎండాకాలం ముందు బయటకు పోతుంది. కనుక అనుభవం ఉన్న కొనుగోలుదారు వెంట్రుకల వైపు చూడడు. చర్మం తిరగవేసి, వీపు భాగాన్ని వెలుతురుకు పట్టి చూస్తాడు.

కత్తులు, గిన్నెలు, నగల విషయంలోనూ ఇంతే. రెయిన్‌డీర్ కొమ్ముతో ఒర, పిడి చేసిన కత్తులు, బర్చ్ చెట్టు కణుపును తొలిచిన గుక్సి అనే తాగే గిన్నెలు, కొద్దిగా వెండి కలిపిన తగరపు తీగను రెయిన్‌డీర్ తోలుపై అల్లిన కంకణాలు ఇక్కడ పేరున్న సరుకులు. ఈ హస్తకళను దువోజి అంటారు. యంత్రపు నకళ్ళు వచ్చి పడడంతో 1982లో సామీ కళాకారులు దువోజి గుర్తును ప్రవేశపెట్టారు. ఆ చీటీ ఉన్న వస్తువు సామీ చేతి పని అని హామీ. ఎవరైనా నకలు అమ్మగలరు, కాని చేసిన మనిషి బల్ల వెనుక నిలబడి ఉండే సంతలో నకలు నిలవడం కష్టం. ఆ బల్లల ముందు మన వైపు తీరులో గీచి గీచి బేరమాడితే గౌరవం దక్కదు. ధర చీటీ మీద ఉంటుంది. కావాలంటే తీసుకోవచ్చు, లేదంటే మరొక బల్లకు పోవచ్చు.

మాంసం వ్యాపారానికి పద్ధతి వేరు. స్వీడన్‌లో రెయిన్‌డీర్ మేపే హక్కు 1971 నాటి చట్టం ప్రకారం సామీ మేపు సంఘాల సభ్యులది. అటువంటి సంఘాలు 51 ఉన్నవి. దేశం మొత్తం మీద మందల సంఖ్య సుమారు రెండున్నర లక్షలు. ప్రతి జంతువుకూ చెవిని కత్తితో కోసి గుర్తు పెడతారు, ప్రతి యజమాని గుర్తూ నమోదై ఉంటుంది. మగవాటిని సెప్టెంబరులో, పొర్లుకు రాకముందే వధిస్తారు. ఆ కాలం దాటితే మాంసానికి వాసన పడుతుంది. మిగిలినవి నవంబరు నుంచి చలి ముగిసేదాకా వస్తాయి. అందువలన ఫిబ్రవరి సంత నాటికి ఆ ఏటి మాంసం సంగతి దాదాపు తేలిపోయి ఉంటుంది. సంతలో అమ్మేది లెక్కకు కొంచెమే: ఉప్పు పట్టించి పొగ వేసినది, ఎండబెట్టినది. ఎక్కువ లాభం ఉండేది కూడా ఈ కొంచెంలోనే. కంపెనీకి కళేబరంగా ఇస్తే కిలో లెక్క. ముక్క చేసి, పొగ వేసి, సొంత పేరుతో సంతలో ఇస్తే మధ్య దళారీ వాటా ఇంటికే చేరుతుంది.

ఈ వ్యాపారం ఎంత సున్నితమైనదో 1986లో తేలింది. ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణుకేంద్రం పేలగా, సీజియం ధూళి స్వీడన్‌పై వర్షంతో పాటు పడింది. రెయిన్‌డీర్ శీతకాలపు మేత లైకెన్. దానికి వేరు లేదు, గాలి నుంచీ వాన నుంచీ పోషణ తీసుకుంటుంది కనుక ధూళినంతా పట్టి ఉంచుకుంది. ఆ ఏడు వధించిన జంతువులలో అధిక భాగం మాంసం పారవేయవలసి వచ్చింది. కిలోకు 300 బెకరెల్ అనే పరిమితిని రెయిన్‌డీర్ మాంసానికి 1987లో 1500కు పెంచారు. యోక్‌మోక్ కన్న దక్షిణపు మందలు ఎక్కువ దెబ్బ తిన్నాయి. కాని ఒక చోటి సరుకుకు చెడ్డ పేరు వస్తే అదే జాతి సరుకునంతటినీ కొనేవాడు అనుమానించడం ఏ మార్కెట్లోనైనా ఉన్నదే.

ఇక మనుషుల మాట. సంతలో సరుకు కన్న కబుర్లకు సమయం ఎక్కువ పోతుంది. ఏ అడవిలో మంచు గట్టిపడింది, ఎవరి మందను ఏ జంతువు పట్టింది, కంపెనీలు ఈసారి ఎంత ఇచ్చాయి అన్న సమాచారం కాఫీ బల్లల దగ్గరే చేతులు మారుతుంది. కాఫీలో జున్ను ముక్క, ఎండుమాంసం ముక్క వేసుకొని తాగడం అక్కడి వాడుక. పూర్వం పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, తగవుల తీర్పులు అన్నీ ఈ వారంలోనే జరిగేవి. దూరపు చుట్టాలు కలవడం ఇప్పటికీ ఈ రోజులలోనే. కొత్తవారు ఒక మర్యాద తెలుసుకొని పోవడం మంచిది. మీకెన్ని రెయిన్‌డీర్లు ఉన్నాయి అని ఎవరినీ అడగరాదు. బ్యాంకులో ఎంత ఉన్నదని అడిగినదానితో అది సమానం. మంద గురించి మాట్లాడాలంటే మేత గురించి అడగవచ్చు, మంచు గురించి అడగవచ్చు. మిగతాది ఎదుటి వారే చెబుతారు, చెప్పదలచుకుంటే.

ఊరికి వచ్చే లాభం అంగడి స్థలాల అద్దెతో ఆగదు. వసతి గృహాలు చాలక ఊరి వారు సొంత ఇళ్ళలో గదులు అద్దెకు ఇస్తారు. మంచి గదులు ముందు ఏడాదే పోతాయి. తాల్వాతిస్ చెరువు గడ్డ మీద రెయిన్‌డీర్ పందాలు, పాత దుస్తులలో మందను నడిపించే ఊరేగింపు జనాన్ని నిలబెడతాయి. చెల్లింపులు చాలా భాగం ఫోను ద్వారానే. 2012 డిసెంబరులో వచ్చిన స్విష్ పద్ధతి అక్కడ చిన్న బల్లల దాకా పాకింది. అయితే గడ్డకట్టే చలిలో ఫోను బ్యాటరీ చటుక్కున చచ్చిపోతుంది కనుక అనుభవజ్ఞులు దానిని చంకలో వెచ్చగా పెట్టుకుంటారు, కొంత రొక్కమూ ఉంచుకుంటారు.

సరుకు రాబడికి ఇప్పుడు రెండు చిక్కులు ఎదురవుతున్నవి. మొదటిది వాతావరణం. నడి చలికాలంలో వాన పడి, మళ్ళీ గడ్డకడితే లైకెన్ మీద మంచు పలకలా పరుచుకుంటుంది. మంద తవ్వుకొని తినలేదు. అప్పుడు దాణా కొని వేయాలి, లేదా ఆకలికి వదలాలి. ఉచితంగా వచ్చే మేతపై లెక్క కట్టిన మాంసం ధర కొన్న దాణాపై నిలవదు. రెండవది నేల. యోక్‌మోక్ దగ్గర గాలోక్ అనే చోట ఇనుప ఖనిజం గనికి స్వీడన్ ప్రభుత్వం 2022 మార్చిలో షరతులతో అనుమతి ఇచ్చింది. మేపు సంఘాల అభ్యంతరాలను అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2024 జూన్‌లో తోసిపుచ్చింది. తవ్వకానికి ముందు పర్యావరణ అనుమతి ఇంకా విడిగా కావాలి. గని వస్తే ఊళ్ళో ఉద్యోగాలు వస్తాయని ఒక వర్గం, శీతకాలపు మేతబాట తెగుతుందని మరొక వర్గం. సంత రోజులలో ఈ రెండు వర్గాల వారూ ఒకే వీధిలో బల్లలు వేసుకొని అమ్ముతుంటారు.

చర్మాలు, కొమ్ము సామాను టోకుగా కొనదలచిన వారు గురువారం ఉదయమే పోవాలి. శనివారం మధ్యాహ్నానికి బల్లల మీద మిగిలేది తిరగవేసి చూసిన తరువాత జనం వదిలిపెట్టిన సరుకే.