రాజీనామా మీద సంతకం పెడితే ఐటీ ఉద్యోగి పోగొట్టుకునేది ఎంత?

ఆలూరు: సుగ్గికి పోయి వచ్చే కూలీలు పని అయిపోయాక మేస్త్రీతో లెక్క చూసుకుంటారు. ఎన్ని రోజులు పని చేశాం, అడ్వాన్స్ ఎంత తీసుకున్నాం, ఇంకా ఎంత రావాలి అని అడుగుతారు. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఇది అందరికీ తెలిసిన పద్ధతే. ఇవే ఊళ్ల నుంచి బీటెక్, ఎంసీఏ చేసి బెంగళూరు, హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగాలకు వెళ్లిన పిల్లలు కూడా ఉన్నారు. వీళ్లలో చాలామందికి ఉద్యోగం పోయే రోజున చూసుకోవాల్సిన లెక్క మాత్రం తెలియదు.

ఐటీ కంపెనీల్లో తొలగింపుల వార్త వచ్చిన ప్రతిసారీ ఇళ్లలో ఒకటే ప్రశ్న వినిపిస్తుంది. "మనవాడి ఉద్యోగం ఉంటుందా, పోతుందా?" అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఉద్యోగం పోతే అది కంపెనీ తీసేసినట్టా, లేక మనవాడే మానేసినట్టా? డబ్బు, హక్కు రెండూ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

*టీసీఎస్‌లో జరిగిందేంటి?*

2025 జూలైలో దేశంలోనే అతిపెద్ద ఐటీ కంపెనీ టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకుంటామని ప్రకటించింది. ఎక్కువగా మధ్య స్థాయి, పై స్థాయి ఉద్యోగుల మీదే దెబ్బ పడుతుందని చెప్పింది. దీనికి కారణం ఏఐ కాదని, కొందరి నైపుణ్యాలు ఇప్పుడున్న ప్రాజెక్టులకు సరిపోవడం లేదని సీఈఓ కె. కృతివాసన్ వివరించారు.

ఆ ఏడాది జూన్ చివరికి కంపెనీలో 6,13,069 మంది ఉన్నారు. సెప్టెంబర్ చివరికి ఆ సంఖ్య 5,93,314కు వచ్చింది. మూడు నెలల్లో 19,755 మంది తగ్గారన్నమాట. వీళ్లందరినీ కంపెనీయే తీసేసిందని అనుకోకూడదు. వేరే ఉద్యోగం చూసుకుని సొంతంగా వెళ్లినవాళ్లు కూడా ఇందులో ఉంటారు. కొత్తగా చేరినవాళ్లను కలిపాక మిగిలిన నికర లెక్క ఇది. అదే మూడు నెలల ఖాతాల్లో పునర్వ్యవస్థీకరణ ఖర్చు కింద కంపెనీ 1,135 కోట్ల రూపాయలు చూపించింది.

ఉద్యోగ సంఘాలు వేరే మాట చెప్పాయి. ఉద్యోగులతో బలవంతంగా రాజీనామా చేయిస్తున్నారని పుణె కేంద్రంగా పనిచేసే నైట్స్ సంఘం కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. కర్ణాటకలో ఐటీ ఉద్యోగుల సంఘం కిటు అక్కడి కార్మిక శాఖ దగ్గర పారిశ్రామిక వివాదం లేవనెత్తింది. సంఘాలు చెబుతున్న సంఖ్యలు సరికావని కంపెనీ కొట్టిపారేసింది.

*బెంచ్ అంటే భయం ఎందుకు?*

ఐటీ సర్వీసుల వ్యాపారం ఒక రకంగా మనుషుల గంటల వ్యాపారం. ఉద్యోగి ప్రాజెక్టులో ఉంటే అతని పనికి క్లయింట్ దగ్గర బిల్లు వేస్తారు. ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి దొరకకపోతే అతను 'బెంచ్' మీద ఉన్నట్టు. జీతం మాత్రం నడుస్తుంది, బిల్లు రాదు. కంపెనీ ఖాతాలో అతను అచ్చంగా ఖర్చు.

2025 జూన్‌లో టీసీఎస్ ఒక నియమం తెచ్చింది. ఉద్యోగి ఏడాదిలో కనీసం 225 రోజులు బిల్లు అయ్యే పనిలో ఉండాలి, బెంచ్ మీద 35 రోజులకు మించి ఉండకూడదు. తొలగింపుల ప్రకటన వచ్చింది ఆ తర్వాత నెలలోనే. పదేళ్లు, పదిహేనేళ్లు చేసిన సీనియర్లకు ఇది ఎక్కువ ఇబ్బంది. వాళ్ల జీతం ఎక్కువ కాబట్టి ప్రాజెక్టు మేనేజర్లు అదే పనికి తక్కువ జీతం ఉన్న జూనియర్‌ను తీసుకోవడానికే మొగ్గు చూపుతారు.

ఇక్కడే ఐటీ ఉద్యోగుల ప్రధాన అభ్యంతరం ఉంది. ప్రాజెక్టు తేవాల్సింది కంపెనీ, ఎవరిని ఎక్కడ వేయాలో నిర్ణయించేదీ కంపెనీ. మరి పని దొరక్కపోతే తప్పు ఉద్యోగిది ఎలా అవుతుందని వాళ్లు అడుగుతున్నారు. క్లయింట్లు ఖర్చు తగ్గించుకుంటున్నప్పుడు, టెక్నాలజీ మారుతున్నప్పుడు ఖాళీగా ఉన్నవాళ్లకు ఎంతకాలం జీతం ఇవ్వగలమన్నది కంపెనీల వాదన. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే వ్యాపార కారణంతో మనిషిని తగ్గించుకుంటున్నప్పుడు దాన్ని తొలగింపు అనే చెప్పాలి, రాజీనామా అని రాయించకూడదు.

*"రేపు 10 గంటల్లోపు రాజీనామా పెట్టండి"*

ఈ గొడవ కొత్తదేం కాదు. 2017లో టెక్ మహీంద్రాకు చెందిన ఒక ఆడియో క్లిప్ బయటికొచ్చింది. మరుసటి రోజు ఉదయం 10 గంటల్లోపు రాజీనామా చేయాలని, లేదంటే తొలగింపు తప్పదని హెచ్‌ఆర్ ఉద్యోగి ఒకరు ఇంజినీర్‌కు చెప్పడం అందులో ఉంది. దేశమంతా దాని మీద చర్చ జరిగింది. గ్రూప్ అధిపతి ఆనంద్ మహీంద్రా, అప్పటి సీఈఓ సి.పి. గుర్నానీ బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

మరి ఉద్యోగులు ఎందుకు సంతకం పెడతారు? కారణం భయం. రిలీవింగ్ లెటర్‌లో 'టెర్మినేటెడ్' అని పడితే తర్వాతి కంపెనీ చేసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దెబ్బ తింటామని అనుకుంటారు. హోమ్ లోన్ ఈఎంఐ నడుస్తుంటుంది. అమ్మీ, అబ్బా పేర్లు ఉన్న ఆరోగ్య బీమా కూడా ఉద్యోగంతో పాటే పోతుంది. ఎలాగైనా ఇంకో ఉద్యోగం చూసుకుంటే చాలనే తొందరలో, కాగితం మీద ఏముందో పూర్తిగా చదవరు.

*ఐటీ ఉద్యోగి 'కార్మికుడు' అవుతాడా?*

"మేం లక్షల జీతగాళ్లం, కార్మిక చట్టాలు ఫ్యాక్టరీ వాళ్లకే" అన్న మాట ఐటీలో బాగా వినిపిస్తుంది. ఇది పొరపాటు. పాత పారిశ్రామిక వివాదాల చట్టం అయినా, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అయినా చూసేది హోదాను కాదు, పనిని. సాంకేతిక పని, నైపుణ్య పని, క్లర్కు పని చేసేవాళ్లు ఈ చట్టం కిందికి వస్తారు. ఈ పనులకు జీతం పరిమితి లేదు. కొత్త కోడ్‌లో ఉన్న నెలకు 18 వేల పరిమితి పర్యవేక్షణ పని చేసేవాళ్లకు మాత్రమే. నిజంగా మేనేజ్‌మెంట్ అధికారాలు ఉన్నవాళ్లు దీని బయట ఉంటారు.

కార్డు మీద 'కన్సల్టెంట్' అనో 'మేనేజర్' అనో ఉన్నంత మాత్రాన మనిషి మేనేజర్ అయిపోడు. ఒకరిని పనిలో పెట్టుకునే, తీసేసే, సెలవు మంజూరు చేసే అధికారం అతనికి ఉందా, లేక రోజంతా కోడ్ రాసి, టెస్టింగ్ చేస్తున్నాడా అన్నది చూడాలి.

దీనికి ఉదాహరణ చెన్నైలో ఉంది. 2015లో టీసీఎస్ తొలగించిన ఒక ఇంజినీర్ లేబర్ కోర్టుకు వెళ్లారు. అతను మేనేజర్ స్థాయి వ్యక్తి కాబట్టి ఈ చట్టం వర్తించదని కంపెనీ వాదించింది. అతను చేసింది సాంకేతిక పనేనని కోర్టు తేల్చి, మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుని పాత జీతం చెల్లించాలని 2022లో ఆదేశించింది. అయితే తీర్పు రావడానికి ఏడేళ్లు పట్టింది. హక్కు ఉండటం వేరు, అది చేతికి రావడం వేరు అన్న సంగతి కూడా ఈ కేసులోనే కనిపిస్తుంది.

*లెక్క ఎలా ఉంటుంది?*

ఉదాహరణకు ఒక ఉద్యోగిని తీసుకుందాం. సర్వీసు 7 ఏళ్లు పూర్తయింది. చట్టం లెక్కలోకి తీసుకునే వేతనం నెలకు 52,000 రూపాయలు. ఈ వేతనం అంటే చేతికొచ్చే మొత్తం కాదు, ముఖ్యంగా బేసిక్, డీఏ. కొత్త కోడ్‌ల ప్రకారం హెచ్‌ఆర్‌ఏ లాంటి అలవెన్సులు మొత్తం ప్యాకేజీలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనంలోనే కలపాలి.

రాజీనామా చేస్తే: గ్రాట్యుటీ వస్తుంది. నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణిస్తే 30,000. దాన్ని 7 ఏళ్లతో గుణిస్తే 2,10,000 రూపాయలు.

కంపెనీ తొలగిస్తే: గ్రాట్యుటీ 2,10,000 ఎలాగూ వస్తుంది. దాని మీద మరో మూడు ఉంటాయి.

ఒకటి, కారణం రాసి నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా నెల వేతనం 52,000 ఇవ్వాలి.

రెండు, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. నెలలో సగం కింద 26,000 చొప్పున 7 ఏళ్లకు 1,82,000.

మూడు, కొత్త కోడ్‌లో వచ్చిన రీస్కిల్లింగ్ ఫండ్ కింద మరో 15 రోజుల వేతనం, అంటే 26,000. ఇది తొలగించిన 45 రోజుల్లోపు ఉద్యోగి ఖాతాలో పడాలి.

ఈ మూడూ కలిపితే 2,60,000 రూపాయలు. "వ్యక్తిగత కారణాలతో నా ఇష్టంతో రాజీనామా చేస్తున్నాను" అన్న ఒక్క వాక్యం కింద సంతకం పెడితే చట్టపరంగా వదులుకునేది ఈ మొత్తాన్ని. కొన్ని కంపెనీలు ఇంతకన్నా ఎక్కువ ప్యాకేజీ కూడా ఇస్తాయి. అలాంటప్పుడు రాజీనామాయే లాభం కావచ్చు. కానీ పోల్చి చూస్తేనే కదా ఆ సంగతి తెలిసేది.

ఇంకో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. తొలగింపు పరిహారం రావాలంటే కనీసం ఏడాది నిరంతర సర్వీసు ఉండాలి. తొలగించినా, రాజీనామా చేసినా రావాల్సిన జీతం బకాయి రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ పేరుతో నెలల తరబడి తిప్పే పద్ధతికి ఇది విరుద్ధం.

*ట్రైనీల సంగతి వేరు*

2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్‌లో 300 మందికి పైగా ట్రైనీలను పంపించేసింది. మూడు అవకాశాలు ఇచ్చినా పరీక్ష పాస్ కాలేదని, ఈ షరతు ఒప్పందంలోనే ఉందని కంపెనీ చెప్పింది. వీళ్లలో చాలామంది 2022లో ఆఫర్ లెటర్ అందుకుని, రెండేళ్లు ఎదురుచూసి చేరినవాళ్లు. ఫిర్యాదులు రావడంతో కర్ణాటక కార్మిక శాఖ అధికారులు క్యాంపస్‌కు వెళ్లి విచారించారు.

అప్రెంటిస్‌లు 'కార్మికుడు' నిర్వచనంలోకి రారు. ఏడాది సర్వీసు కూడా ఉండదు కాబట్టి ఫ్రెషర్ల దగ్గర పైన చెప్పిన లెక్కకు ఆధారం తక్కువ. వాళ్లు జాగ్రత్త పడాల్సింది చేరేటప్పుడే. అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉద్యోగి అని ఉందా, ట్రైనీ అని ఉందా, అప్రెంటిస్ అని ఉందా? పరీక్ష ఎన్నిసార్లు రాయనిస్తారు? బాండ్ ఎంత? ఆ కాగితాన్ని ఇంట్లో చదువుకున్న ఇంకో మనిషికి చూపించి సంతకం పెట్టడం మంచిది.

*పిలుపు వచ్చినప్పుడు ఏం చేయాలి?*

మొదటిది, ఆ రోజే సంతకం పెట్టొద్దు. "ఆలోచించుకోవడానికి టైమ్ కావాలి, మీరు చెప్పింది మెయిల్‌లో పంపండి" అని మర్యాదగా అడగొచ్చు. నోటిమాటగా చెప్పింది తర్వాత రుజువు చేయడం కష్టం.

రెండోది, అపాయింట్‌మెంట్ లెటర్, పేస్లిప్‌లు, అప్రైజల్ లెటర్లు, పీఎఫ్ యూఏఎన్ నంబర్ ముందే సొంత దగ్గర ఉంచుకోవాలి. ల్యాప్‌టాప్ లాక్ అయ్యాక అవి దొరకవు. కంపెనీ కోడ్‌ను, క్లయింట్ డేటాను మాత్రం ముట్టుకోవద్దు. అది వేరే కేసు అవుతుంది.

మూడోది, ఒత్తిడిలో సంతకం పెట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా "ఇది నా ఇష్టంతో చేసిన రాజీనామా కాదు" అని తేదీ, ఎవరు ఏమన్నారో వివరంగా రాసి మెయిల్ పంపాలి. బలవంతపు రాజీనామాను సవాలు చేయొచ్చు. కానీ బలవంతం జరిగిందని చూపించాల్సిన బాధ్యత ఉద్యోగి మీదే ఉంటుంది.

నాలుగోది, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలన్నది. సాధారణంగా పని చేసిన చోటి కార్మిక శాఖ దగ్గరే. బెంగళూరులో పని చేస్తే కర్ణాటక అధికారులు, హైదరాబాద్‌లో అయితే తెలంగాణ అధికారులు. సొంత ఊరు ఆలూరు అని ఇక్కడి ఆఫీసుకు వస్తే పని కాదు. ముందు రాజీ ప్రయత్నం జరుగుతుంది, అక్కడ తేలకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. కొత్త కోడ్‌లో వివాదం తలెత్తిన రెండేళ్లలోపే రాజీ ప్రక్రియ మొదలవ్వాలి. కాబట్టి "తర్వాత చూద్దాం" అని వదిలేస్తే తలుపు మూసుకుపోతుంది. కోడ్‌ల కింద నియమాలు రాష్ట్రాల వారీగా వస్తుంటాయి కనుక, దరఖాస్తు ముందు సంఘం వాళ్లనో, లేబర్ కేసులు చూసే న్యాయవాదినో ఒకసారి కలవడం మేలు.

*ఇంట్లో వాళ్లు అడగాల్సింది*

ఆలూరు వైపు ఒక ఐటీ జీతం మీద ఒక్క మనిషే బతకడు. తమ్ముడి చదువు, చెల్లెలి పెళ్లి, సగంలో ఉన్న ఇల్లు అన్నీ దాని మీదే నడుస్తుంటాయి. అందుకే ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పడానికి పిల్లలు వెనకాడతారు. ఒక్కడే గదిలో కూర్చుని, ఒక్కడే నిర్ణయం తీసుకుంటాడు.

ఆ ఫోన్ వచ్చినప్పుడు "ఎందుకు పోయింది బేటా, నువ్వేం తప్పు చేశావు?" అని అడిగితే వాడు ఇంకా ముడుచుకుపోతాడు. దాని బదులు "కాగితం ఏమైనా ఇచ్చారా? సంతకం పెట్టావా? పెట్టకపోతే నాకు చదివి వినిపించు" అని అడగాలి. ఉద్యోగాన్ని ఆ మాట తిరిగి తేలేకపోవచ్చు, ఏడేళ్ల కష్టానికి రావాల్సిన లెక్క మాత్రం పోకుండా ఆపగలదు.