అందమైన క్లిప్ దొరికింది... కానీ బ్యాక్‌గ్రౌండ్‌కి పనికొస్తుందా?

పాత సినిమాల్లో కారు సీన్లు గుర్తున్నాయా? హీరో స్టీరింగ్‌ని అటూ ఇటూ తెగ తిప్పేస్తుంటాడు. వెనక అద్దంలో రోడ్డు మాత్రం గీత గీసినట్టు తిన్నగా వెళ్లిపోతుంటుంది. దాన్ని బ్యాక్ ప్రొజెక్షన్ అనేవాళ్లు. రోడ్డుని ముందే షూట్ చేసుకొచ్చి, స్టూడియోలో తెర మీద వెనక నుంచి వేసి, ఆ తెర ముందు కారు పెట్టి తీసేవాళ్లు. 1933లో వచ్చిన కింగ్ కాంగ్‌లో కూడా ఈ టెక్నిక్ ఉంది. తర్వాత గ్రీన్ మ్యాట్ వచ్చింది. ఆ తర్వాత పెద్ద పెద్ద ఎల్‌ఈడీ గోడలు వచ్చాయి. 2019లో ది మాండలోరియన్ సిరీస్‌తో వాటికి బాగా పేరొచ్చింది. మన హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్‌లోనూ అలాంటి స్టేజ్ ఉంది. ఇక మన సంగతంటారా, ఎడిటింగ్ యాప్‌లో క్రోమా కీ నొక్కితే చాలు, ఆకుపచ్చ గుడ్డ పోయి వెనక ఏది కావాలంటే అది వచ్చేస్తుంది.

పద్ధతి ఏదైనా ప్రశ్న ఒకటే. వెనక వేసే వీడియో ఎలా ఉండాలి? చాలామంది స్టాక్ వెబ్‌సైట్‌కి వెళ్లి, అన్నిటికన్నా అందంగా ఉన్న క్లిప్ దించుకుంటారు. అక్కడే తేడా కొడుతుంది. బ్యాక్‌గ్రౌండ్‌కి కావాల్సింది అందం కాదు, పొత్తు. ముందున్న మనిషితో ఆ వీడియో కుదరాలి. కుదరకపోతే చూసేవాళ్లు "హొరైజన్ తప్పింది" అని చెప్పరు. "ఏదో ఫేక్‌గా ఉంది" అనుకుని పైకి స్క్రోల్ చేసేస్తారు. మీ ఫ్రెండ్ ఎంత బాగా నటించినా ఆ నటన అక్కడే పోతుంది. అందుకే ఏ క్లిప్ కుదురుతుందో, ఏది కుదరదో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: కెమెరా ఎత్తు. సముద్రం, ఆకాశం కలిసే గీత ఉంటుంది కదా, అదే హొరైజన్. దీనికి ఒక రూల్ ఉంది. చదునైన నేల మీద, కెమెరా ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులో ఉన్నవన్నీ ఆ గీత మీదే కనిపిస్తాయి. కెమెరా మీ కళ్లెత్తులో ఉంటే గీత మీ కళ్ల దగ్గర వెళ్తుంది. ఛాతీ ఎత్తులో ఉంటే ఛాతీ దగ్గర, స్టూలు మీద పెడితే మోకాళ్ల దగ్గర. కెమెరాని కాస్త పైకి వంచినా, కిందకి వంచినా ఇది మారదు.

ఇప్పుడు ఒక డ్రోన్ షాట్ తీసుకోండి. 50 మీటర్ల ఎత్తు నుంచి తీసిన బీచ్, చూడ్డానికి సూపర్. దాని ముందు మీ ఫ్రెండ్‌ని నిలబెట్టి, హొరైజన్ అతని తల దగ్గర వచ్చేలా పెట్టారనుకోండి. లెక్క ప్రకారం అతను 50 మీటర్ల మనిషి అయిపోయాడు! మన కన్ను ఈ లెక్క వెయ్యదు. కానీ తేడా మాత్రం పట్టేస్తుంది. అందుకే మామూలు సీన్లకి మనిషి ఎత్తు నుంచి తీసిన క్లిప్పే వెతకండి. వీధి సీన్ అయితే హొరైజన్ కనపడదు కదా అంటారేమో. రోడ్డు రెండు అంచుల్నీ, గోడల పై గీతల్నీ ఊహలో పొడిగించండి. అవి కలిసే చోటే ఆ ఎత్తు. స్క్రీన్‌షాట్ తీసి మీద వేలితో గీస్తే రెండు నిమిషాల పని.

రెండోది వెలుతురు. క్లిప్‌లో ఎండ ఎడమ వైపు నుంచి పడుతోంది, మీ ఇంట్లో ట్యూబ్‌లైట్ కుడివైపు ఉంది. అంతే, అతుకు కనపడిపోతుంది. క్లిప్‌లో స్తంభాల నీడలు ఎటు పడుతున్నాయో ముందు చూడండి, దాన్ని బట్టి లైట్ పెట్టుకోండి. ఇంకా సులువైన దారి, మబ్బు పట్టిన రోజు తీసిన క్లిప్ ఎంచుకోవడం. మబ్బులో వెలుతురు అన్ని వైపుల నుంచీ మెత్తగా వస్తుంది, గట్టి నీడలుండవు. బాల్కనీలో నీడపట్టున నిలబడి తీసుకున్నా కలిసిపోతుంది. మనకి చప్పగా అనిపించే మబ్బు రోజు క్లిప్పే బ్యాక్‌గ్రౌండ్‌కి బంగారం.

క్లిప్‌ని అడ్డంగా తిప్పి, అంటే ఫ్లిప్ చేసి, వెలుతురు సరిచేసుకోవచ్చు కదా అని కొందరికి ఐడియా వస్తుంది. అడవి, కొండ, ఆకాశం అయితే పర్వాలేదు. వీధి అయితే మాత్రం జాగ్రత్త. బోర్డుల మీద అక్షరాలు తిరగబడతాయి. ఎడమ పక్కన వెళ్లాల్సిన బండ్లన్నీ కుడి పక్కకి వచ్చేస్తాయి. ఎడమ భుజం మీదుండే పైట కొంగు కుడి భుజం మీదకి మారిపోతుంది.

మూడోది కదలిక. కెమెరా స్టాండ్ మీద కదలకుండా ఉన్న షాట్ అన్నిటికన్నా మంచిది. చేత్తో పట్టుకుని తీసిన క్లిప్‌లో ఊరంతా ఊగుతుంటే, ముందు మీరు మాత్రం రాయిలా ఉంటారు. కెమెరా పక్కకి జరుగుతూ తీసిన షాట్ అయితే ఇంకా కష్టం. దగ్గరి చెట్లు వేగంగా, దూరపు కొండలు మెల్లగా జరుగుతాయి. దానికి తగ్గట్టు మీ కెమెరా కూడా జరగాలి. ఫోన్‌లో చేసేవాళ్లకి అది అనవసరపు తలనొప్పి. స్లో మోషన్ క్లిప్‌లు కూడా వద్దు. అల నిదానంగా లేస్తుంటే, ముందు మీరు మామూలు స్పీడ్‌లో మాట్లాడుతుంటే రెండు లోకాల్లా ఉంటాయి.

నాలుగోది క్లియర్‌గా ఉండటం. వెనక అంతా మసక మసకగా ఉన్న సినిమాటిక్ క్లిప్ కనిపిస్తే ఆగండి. షార్ప్‌గా ఉన్నదాన్ని తర్వాత మసక చేసుకోవచ్చు. మసకగా తీసినదాన్ని షార్ప్ చేయలేం. రంగుల విషయంలోనూ అంతే. ముందే ఆరెంజ్, నీలం బాగా దట్టించిన క్లిప్ కన్నా మామూలు రంగుల్లో ఉన్నది మేలు.

రీల్స్ చేసేవాళ్లకి ఇక్కడ ఒక చిన్న లెక్క. 1920 బై 1080 అడ్డం వీడియోలోంచి నిలువు ముక్క కోస్తే, వెడల్పు దాదాపు 607 పిక్సెల్సే వస్తుంది. నిలువు రీల్‌కి కావాల్సింది 1080. అంటే సాగదీయాలి, సాగదీస్తే చెదురుతుంది. అదే 4కే క్లిప్ అయితే 1215 పిక్సెల్స్ వస్తుంది, హాయిగా సరిపోతుంది. నిలువు వీడియోకి అడ్డం క్లిప్ వాడాలనుకుంటే 4కే నే దించుకోండి.

ఐదోది, బ్యాక్‌గ్రౌండ్ బ్యాక్‌గ్రౌండ్‌లాగే ఉండాలి. మీరు నిలబడే చోట ఏమీ జరగకూడదు. జరిగేదేదో అంచుల్లో, చిన్నగా జరగాలి. ఆకులు ఊగడం, దూరంగా మనుషులు నడవడం, నీళ్లు మెరవడం, ఇవి చాలు. ఎవరో వచ్చి కెమెరాలోకి చూసి నవ్వితే అందరి చూపూ అటే పోతుంది.

క్లిప్ పొడవు కూడా చూసుకోండి. పది సెకన్ల క్లిప్‌ని రిపీట్‌లో పెడితే, అదే పసుపు ఆటో పది సెకన్లకోసారి వెళ్తూ ఉంటుంది. మూడోసారికి చూసేవాళ్లు ఆటోనే లెక్కపెడతారు. రిపీట్ చెయ్యక తప్పకపోతే గుర్తుపట్టే వస్తువేదీ లేని క్లిప్ తీసుకుని, చివరి సెకనుని మొదటి సెకనులోకి మెల్లగా కలపండి. ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి ఆడించే ట్రిక్ ఆకులకి పనిచేస్తుంది. పొగకి, జలపాతానికి, నడిచే మనుషులకి పనిచెయ్యదు.

ఆరోది, ఊరు నిజం. కథ వైజాగ్‌లో జరుగుతోందని చెప్పి, వెనక సముద్రంలో సూర్యుడు అస్తమించే క్లిప్ వేస్తే వైజాగ్ వాళ్లు ఊరుకుంటారా? మన తీరం తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడే కానీ అందులో మునగడు. అలాగే 'విలేజ్' అని వెతికితే వచ్చే ప్రతి పల్లె మన పల్లె కాదు. ఇంటి కప్పు, చెట్లు, నంబర్ ప్లేట్లు, కరెంటు స్తంభాలు, ఒక్కసారి పాజ్ చేసి చూడండి.

ఏడోది, అందరూ వదిలేసేది: పర్మిషన్. ఫ్రీ అని రాసి ఉన్నంత మాత్రాన ఏం చేసినా ఫర్వాలేదని కాదు. 'ఎడిటోరియల్ యూజ్ ఓన్లీ' అని ఉంటే వార్తల్లాంటి వాటికే, యాడ్స్‌కి వాడకూడదు. క్రియేటివ్ కామన్స్‌లో 'బీవై' ఉంటే తీసినవాళ్ల పేరు వెయ్యాలి. 'ఎన్‌సీ' ఉంటే డబ్బు సంపాదించే పనికి వాడకూడదు. 'ఎన్‌డీ' ఉంటే మార్చి పంచుకోకూడదు, అంటే మిమ్మల్ని అతికించిన వీడియో కూడా పెట్టకూడదు. వేరే ఛానల్ డ్రోన్ షాట్ దించి వాడారంటే కాపీరైట్ స్ట్రైక్ పడొచ్చు. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు స్ట్రైక్‌లు పడితే ఛానలే పోయే ప్రమాదం ఉంది. ఇంకోటి, కథలో బ్యాక్‌గ్రౌండ్ మార్చడం కళ. వరద క్లిప్ వెనక వేసుకుని "నేను ఇప్పుడు ఇక్కడే ఉన్నాను" అని వార్త చెప్పడం మోసం. ఆ గీత దాటకండి.

ఇన్ని చూస్తే క్లిప్ దొరుకుతుందా అంటారా? ఒక్కోసారి దొరకదు. అప్పుడు మీరే తీసుకోండి. మీ వీధి, మీ చెరువు గట్టు, మీ బస్టాండ్ ఏ స్టాక్ సైట్‌లోనూ ఉండకపోవచ్చు. ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి, ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, రెండు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి. రాత్రి వీధిలైట్ల కింద అయితే షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్ల మినుకు చాలావరకు తగ్గుతుంది. ఫోన్ ఎంత ఎత్తులో పెట్టారు, ఏ లెన్స్, ఎన్ని గంటలకి, ఎండ ఎటు నుంచి, ఈ నాలుగూ నోట్స్‌లో రాసుకోండి. తర్వాత గ్రీన్ మ్యాట్ ముందు నిలబడ్డప్పుడు ఫోన్‌ని అదే ఎత్తులో, అదే లెన్స్‌తో, లైట్‌ని అదే వైపు పెడితే చాలు, సగం పని అయిపోయినట్టే.

ఈ వారం ఒక పని చేయండి. మీ గ్యాలరీలో ఉన్న ఏదైనా ఒక క్లిప్ తీసి, హొరైజన్ ఎక్కడుంది, నీడ ఎటు పడుతోంది, ఈ రెండే చూడండి. కామెంట్‌లో రాయండి, కుదరనివి ఎందుకు కుదరలేదో కలిసి మాట్లాడుకుందాం. వచ్చే ఎపిసోడ్‌లో గ్రీన్ మ్యాట్‌ని ఇంట్లో ముడతలు లేకుండా ఎలా కట్టాలో చూద్దాం. ఉంటాను మరి.