నిద్రా, ఎండా ఎటుపోయాయి?

ఇంటర్ చదివే పిల్లల రోజు ఎలా గడుస్తోందో ఒకసారి చూడండి. పొద్దున్నే కాలేజీ బస్సు. సాయంత్రం స్టడీ అవర్ ముగించుకుని ఇల్లు చేరేసరికి ఎనిమిదో తొమ్మిదో. అన్నం తిని, రికార్డు రాసుకునేసరికి పదిన్నర. రోజు మొత్తంలో తనదంటూ మిగిలింది ఆ తర్వాతి కాసేపే. సెల్లు చేతికొచ్చేది కూడా అప్పుడే. ‘పిల్లలు చెడిపోయారు’ అని తిట్టేముందు ఈ టైంటేబుల్‌ని తిరగేయాలి.

13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. ఆ వయసులో ఒంట్లోని గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది. నిద్రకి సిద్ధం చేసే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. ముఖానికి దగ్గరగా పెట్టుకున్న తెర వెలుగు దాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. నా దృష్టిలో వెలుగు కన్నా పెద్ద చిక్కు మరొకటుంది. సినిమా చివర శుభం కార్డు పడుతుంది, రీల్స్‌కి పడదు. ఒకటి అయ్యేలోపే ఇంకొకటి మొదలవుతుంది. ఇక చాలని చెప్పే చోటే లేకుండా వాటిని తయారుచేశారు. పెద్దవాళ్లమే ఆగలేకపోతున్నాం. పదహారేళ్ల పిల్లవాడు ఆగలేదని అతన్ని ఒక్కణ్నే దోషిని చేయడం అన్యాయం.

పొద్దున లేచే సమయం మాత్రం మారదు. పడుకోవడం ఒంటిగంటకి, లేవడం ఐదున్నరకి. పగలు చదివింది జ్ఞాపకంగా కుదురుకోవడంలో నిద్రది పెద్ద పాత్ర. అందుకే నిద్ర తెగితే చదువుకున్నదీ నిలవదు. తలనొప్పి, చిరాకు, టిఫిన్ తినకుండా పరుగెత్తడం, క్లాసులో కునుకు... వీటికి టానిక్కులు కొంటాం గానీ రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావని అడగం.

నిద్ర తర్వాత దెబ్బతినేది చూపు. దగ్గరి వస్తువు మీదే గంటల తరబడి చూపు నిలిపే పిల్లల్లో కనుగుడ్డు పొడవుగా సాగి, దూరంలోవి మసకబారే ముప్పు పెరుగుతుంది. మైనస్ పవర్, హ్రస్వదృష్టి అంటున్నది దీన్నే. తప్పంతా ఫోనుదే అనలేం. పుస్తకం మీద పడి చదివినా అదే ముప్పు. విరుగుడు పగటి వెలుగులో ఉంది. ఆరుబయటి కాంతికి రెటీనాలో డోపమైన్ విడుదలై ఆ సాగుడుని నెమ్మదింపజేస్తుందని పరిశోధకుల అంచనా. చైనాలోని గ్వాంగ్జౌలో ఒకటో తరగతి పిల్లల్ని బడిలో రోజూ అదనంగా 40 నిమిషాలు బయట గడపనిచ్చారు. మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు మామూలు బడుల్లో 39.5 శాతం ఉంటే, వీళ్లలో 30.4 శాతమే. తైవాన్ 2010 నుంచే రోజుకి రెండు గంటల ఆరుబయటి సమయం కోసం బడుల్ని పురికొల్పుతోంది. మన దగ్గర మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లోనూ స్కూలు నడుస్తోంది. ఆటల పీరియడ్‌ని లెక్కల మాస్టారు తీసేసుకుంటారు. ఫోను లాక్కుని పిల్లల్ని ఎక్కడికి పొమ్మంటాం?

మెడనొప్పి, తెర చూస్తూ రెప్పవేయక కళ్లు పొడిబారడం ఎలాగూ ఉన్నాయి.

ఫోను ఇంట్లోకి దొంగదారిన రాలేదు. కరోనా కాలంలో అదే బడి అయింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు పంచింది. గ్రామీణ పిల్లల మీద జరిగిన అసర్ 2024 సర్వే ప్రకారం, 14-16 ఏళ్ల వారిలో స్మార్ట్‌ఫోను వాడటం వచ్చినవాళ్లు 82 శాతం. ఆ ముందు వారంలో వాళ్లలో 57 శాతం చదువుకి వాడితే, 76 శాతం సోషల్ మీడియాకి వాడారు. సెల్లు ముట్టొద్దంటూనే రాత్రిపూట వాట్సాప్‌లో హోంవర్కు పంపే బడులూ ఉన్నాయి.

ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. రాత్రి పదికల్లా అందరి ఫోన్లూ, అమ్మానాన్నలవి సహా, హాల్లోనే చార్జింగ్‌కి పెట్టడం. అలారం కోసమే పక్కన పెట్టుకున్నానంటే ఒక చిన్న గడియారం కొనివ్వండి. ఎంత ప్రయత్నించినా ఫోను మానలేక చదువు, తిండి, స్నేహాలు అన్నీ దెబ్బతింటుంటే అది కొట్టి మాన్పించే అలవాటు కాదు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఇందుకోసమే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు ర్యాంకుతోపాటు మరో రెండు సంగతులు అడగండి: సాయంత్రం ఏడు దాటాక గ్రూపులో హోంవర్కు ఎందుకు పెడుతున్నారు? తొమ్మిదో తరగతి టైంటేబుల్లో ఆటల పీరియడ్ ఏ రోజున ఉంది?