డీజిల్ పికప్ వాహనాల్లో హెచ్చరిక దీపం - మెట్ట ప్రాంత చోదకులు పాటించవలసిన జాగ్రత్తలు

దేశంలో అతి తక్కువ వర్షపాతం గల ప్రాంతాలలో అనంతపురం ఒకటి. ఇక్కడి తోటలలో పండే చీనీ, దానిమ్మ, టమాటా మార్కెట్ యార్డులకు, అక్కడి నుండి దూర నగరాలకు చేరడంలో డీజిల్ పికప్ వాహనాలు ప్రధాన పాత్ర వహిస్తున్నాయి. వేసవిలో నీటి ఎద్దడి గల పల్లెలకు నీటి ట్యాంకులను చేరవేసేవీ ఇవే. కోసిన సరుకుతో బయలుదేరిన వాహనం దారిలో నిలిచిపోతే రైతు ఆ రోజు వేలాన్ని కోల్పోతాడు. వాహనం ముందుగానే ఇచ్చే హెచ్చరికను చోదకుడు సరిగా గుర్తించగలిగితే ఇటువంటి నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు.

ఎరుపు, పసుపు దీపాల తేడా

ఎరుపు దీపం వెలిగితే వాహనాన్ని సురక్షిత స్థలంలో వెంటనే ఆపి, ఇంజన్ కట్టివేయాలి. ఆయిల్ పీడనం పడిపోయినప్పుడు ఇంజన్‌ను కొద్ది నిమిషాలు నడిపినా లోపలి భాగాలు పట్టివేసే ప్రమాదం ఉంది. ఆయిల్ మట్టం సరిగా ఉన్నప్పటికీ దీపం ఆరకపోతే వాహనాన్ని నడపరాదు. ఉష్ణోగ్రత దీపం వెలిగినప్పుడు రేడియేటర్ మూతను వేడిగా ఉండగా తెరవకూడదు. కూలెంట్‌కు బదులుగా బోరు నీరు పోయడం ఈ ప్రాంతంలో తరచుగా జరిగే పొరపాటు. ఆ నీటిలోని లవణాలు గొట్టాలలో గారగా పేరుకొని, ఇంజన్ మరింతగా వేడెక్కుతుంది.

పసుపు దీపం తక్షణ ప్రమాదాన్ని సూచించదు. అయితే దానిని నిర్లక్ష్యం చేయడం తగదు.

మసి వడపోత దీపం

దేశవ్యాప్తంగా 2020 ఏప్రిల్ 1 నుండి కొత్త వాహనాలకు భారత్ స్టేజ్-6 ప్రమాణాలు వర్తిస్తున్నాయి. డీజిల్‌లో గంధకం పరిమితి 50 పీపీఎం నుండి 10 పీపీఎంకు తగ్గింది. పొగలోని మసిని పట్టి ఉంచే పార్టిక్యులేట్ ఫిల్టర్ డీజిల్ వాహనాలలో వచ్చి చేరింది. ఈ ఫిల్టర్ నిండినప్పుడు ఇంజన్ తనంతట తానే పొగ గొట్టంలో వేడిని సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వరకు పెంచి మసిని కాల్చివేస్తుంది. ఇందుకు కొంతసేపు ఆగకుండా, తగిన వేగంతో ప్రయాణించడం అవసరం. తోట నుండి ఊరికి, ఊరి నుండి యార్డుకు మట్టి దారిన నెమ్మదిగా తిరిగే వాహనాలకు ఆ అవకాశం దొరకదు. దీపం వెలిగినప్పుడు, తయారీదారు పుస్తకంలోని సూచన ప్రకారం జాతీయ రహదారిపై కొంతసేపు నిలకడగా నడిపితే చాలా సందర్భాలలో అది ఆరిపోతుంది. ఈ సమయంలో పొగ గొట్టం మిక్కిలి వేడిగా ఉంటుంది కనుక వాహనాన్ని ఎండుగడ్డిపైన గాని, వేరుశనగ కట్టె వాముల దగ్గర గాని నిలపరాదు.

దీపం మాటిమాటికీ వెలుగుతుంటే ముందుగా ఎయిర్ ఫిల్టర్‌ను పరిశీలించాలి. దుమ్ముతో అది మూసుకుపోతే ఇంజన్‌కు గాలి చాలక మసి అధికమవుతుంది. పొలాలలో డ్రమ్ములలో నిల్వ చేసిన డీజిల్‌లో నీరు చేరి ఉండవచ్చు. నీటి హెచ్చరిక దీపం వెలిగితే ఇంధన ఫిల్టర్ అడుగున చేరిన నీటిని తీసివేయాలి. ఈ తక్కువ ఖర్చు పరీక్షలు ముగిసిన తరువాతనే ఖరీదైన భాగాల మార్పిడిని ఆలోచించడం మంచిది.

యూరియా ద్రావణం

కొన్ని నమూనాలలో పొగను శుద్ధి చేసేందుకు 32.5 శాతం యూరియా గల ద్రావణాన్ని వాడతారు. దీనికి బదులుగా ఎరువుల యూరియాను నీటిలో కలిపి పోయరాదు. అందులోని మలినాలు గడ్డకట్టి పరికరాన్ని పాడుచేస్తాయి. ఎండలో ఉంచిన ద్రావణం చెడిపోతుంది గనుక డబ్బాలను నీడలో భద్రపరచాలి.

దీపాన్ని ఆర్పడం మరమ్మతు కాదు

ఇంజన్ దీపం వెలిగినప్పుడు లోపం సంకేతం వాహనంలోని కంప్యూటర్‌లో నమోదవుతుంది. స్కానర్‌తో దానిని చదవవచ్చు. ఆ సంకేతం ఏ భాగంలో వెతకాలో చెబుతుందే గాని కారణాన్ని తేల్చి చెప్పదు. బ్యాటరీ తీగ విప్పి దీపాన్ని ఆర్పివేస్తే లోపం అలాగే ఉంటుంది, దాని ఆధారం మాత్రం చెరిగిపోతుంది. మసి ఫిల్టర్‌ను తొలగించి నడపడం చట్టవిరుద్ధం. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 వాహనంలో అనధికార మార్పులను నిషేధిస్తున్నది. కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి వాహనం నడిపిన వారికి 2019 సవరణ ప్రకారం రూ. 10,000 వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు.

ప్రభుత్వ శాఖలు తమ వాహనాలతో పాటు అద్దెకు తీసుకున్న వాహనాలకు సైతం దీపం వెలిగిన తేదీ, తిరిగిన కిలోమీటర్లు, చేయించిన మరమ్మతు వివరాలను లాగ్ పుస్తకంలో నమోదు చేయించడం ప్రయోజనకరం. అదే లోపం తిరిగి వచ్చినప్పుడు మెకానిక్‌కు ఆ వివరాలే మొదటి ఆధారమవుతాయి. అనంతపురం సమీపంలోని గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల నిర్వహణపై రైతులకు శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ట్రాక్టరు నిర్వహణలో అలవడే క్రమశిక్షణ పికప్ వాహనానికీ అంతే మేలు చేస్తుంది.