మీకు తెలుసా? ఎల్పీ రికార్డులో ఉప్పు!

వినైల్ రికార్డుకు మూలమైన పీవీసీ బరువులో దాదాపు 57 శాతం క్లోరిన్. అది వచ్చేది మామూలు ఉప్పు నుంచే! ఉప్పునీటిలోకి విద్యుత్తు పంపి క్లోరిన్ తీస్తారు. మిగతా భాగమైన ఇథిలీన్‌కు ముడిచమురు, సహజవాయువు ఆధారం. ఎదురుగా ఉప్పు సముద్రం, ఒడ్డున ఓఎన్‌జీసీ గ్యాస్ టెర్మినల్ ఉన్న ఓడలరేవు గ్రామవాసులకు ఈ రెండు ముడిసరుకులూ రోజూ కళ్లముందు ఉండేవే. ఇక ఎల్పీల విషయానికొస్తే, అమెరికన్ బ్యాండ్ ‘డెత్’ 1987లో తెచ్చిన డెత్ మెటల్ ఆల్బమ్ ‘స్క్రీమ్ బ్లడీ గోర్’ను రిలాప్స్ రికార్డ్స్ 2016లో మళ్లీ ఎల్పీగా అచ్చువేసింది కూడా ఈ వినైల్ మీదే. మన తాతలు విన్న పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ ప్లేట్ల సంగతి వేరు. లక్కపురుగులు స్రవించే లక్కలో రాతిపొడి కలిపి వాటిని తయారుచేసేవారు. అందుకే కిందపడితే పగిలిపోయేవి.