మూత్రంలో ముందే తెలిసే విషం

1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో చాలామంది మహిళలు బరువు తగ్గాలని ఓ క్లినిక్‌లో చైనా మూలికల మాత్రలు వాడారు. వాళ్లలో కొందరి కిడ్నీలు చూస్తుండగానే పాడైపోయాయి. ఆరా తీస్తే, ఫాంగ్‌జి అనే మూలిక బదులు గ్వాంగ్ ఫాంగ్‌జి వేరు కలిసిందని తేలింది. అందులో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం కిడ్నీలకు విషం. బెల్జియం వైద్యులు 1993లో ఈ సంగతి బయటపెట్టారు. మన పల్లెల్లో వాడే గాడిదగడప, ఈశ్వరి కూడా ఆ మొక్క బంధువులే. ‘ఆకుపసరే కదా, ఏం చేస్తుంది’ అనేవాళ్లు ఇది గమనించాలి.

కిడ్నీ ఎలా ఉందో చూడటానికి మామూలుగా రక్తంలో క్రియాటినిన్ కొలుస్తారు. అయితే కిడ్నీ పనితనం సుమారు సగం పోయేదాకా ఆ అంకె పెద్దగా కదలదు. మూత్రంలో కనిపించే కొన్ని ప్రొటీన్లు అలా కాదు. బీటా-2 మైక్రోగ్లోబులిన్ లాంటి చిన్న ప్రొటీన్లు కిడ్నీ జల్లెడలోంచి జారినా, సన్నని నాళికలు వాటిని మళ్లీ లోపలికి లాగేసుకుంటాయి. అరిస్టలోకిక్ ఆమ్లం దెబ్బ తీసేది సరిగ్గా ఈ నాళికలనే. దాంతో ఆ చిన్న ప్రొటీన్లు మూత్రంలోకి పోతాయి. కిమ్-1 అనే ప్రొటీన్ మంచి కిడ్నీలో దాదాపు ఉండదు. నాళిక గాయపడితే పుట్టుకొచ్చి, కొంత తెగి మూత్రంలో చేరుతుంది. ఎలుకలపై మందుల పరీక్షల్లో ఇలాంటి ఏడు మూత్ర ప్రొటీన్లను కొలమానంగా వాడొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో ఒప్పుకుంది.

కషాయాల విషయంలో ప్రొటీన్ల పరీక్ష ఇంకా అక్కరకొస్తుంది. ఒక్క కషాయంలో వందల రసాయనాలు ఉంటాయి. ఒక్కోదాన్నీ విడదీసి పరీక్షిస్తూ పోతే తెమలదు. అందుకని కషాయం తాగించిన ఎలుకల కాలేయంలోనో కిడ్నీలోనో ఉన్న ప్రొటీన్లను ట్రిప్సిన్‌తో ముక్కలు చేసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో తూస్తారు. ముక్కల బరువులను బట్టి అవి ఏ ప్రొటీన్లవో, వాటి సంకేతాల తీవ్రతను బట్టి ఏది పెరిగిందో, ఏది తగ్గిందో తెలుస్తుంది. దోషి ఏ రసాయనమో తేలకపోయినా, ఒంట్లో ఏ పని కుంటుపడిందో పట్టుబడుతుంది.

కొన్నిసార్లు చికాకు కలిగించే నిజాలూ బయటపడతాయి. కీళ్లవాతానికి చైనాలో వాడే లేయ్‌గొంగ్‌తెంగ్ తీగలో ట్రిప్టోలైడ్ ఉంటుంది. అది ఎక్స్‌పీబీ అనే ప్రొటీన్‌కు అతుక్కుని, జన్యువుల ఆర్ఎన్ఏ నకళ్లు తయారయ్యే పనిని ఆపేస్తుందని 2011లో తేలింది. ఆ పని ప్రతి కణానికీ కావాలి. వాపు తగ్గించే గుణాన్నీ విషాన్నీ విడదీయడం అందుకే అంత కష్టం.

ప్రొటీన్లు చూసి ఊరుకుంటే మాత్రం చాలదు. అరిస్టలోకిక్ ఆమ్లం ఒంట్లో మార్పు చెంది డీఎన్ఏకే అతుక్కుంటుంది, క్యాన్సర్ ఏళ్ల తర్వాత బయటపడుతుంది. బ్రస్సెల్స్ బాధితుల్లో 39 మందికి, పనిచేయని కిడ్నీలనూ మూత్రనాళాలనూ ముందుజాగ్రత్తగా తీసేశారు. వాళ్లలో 18 మందికి అప్పటికే క్యాన్సర్ ఉంది.